పులాస్కీ అసలు ఆ యుద్ధంలో లేడండీ

సంపాదకుడి గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పులాస్కీ (పోలండ్‌లో రష్యా మీద పోరాడి, తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చనిపోయిన గుర్రపు దళ నాయకుడు) మీద వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నా. నేను నాలుగు నెలలుగా జెర్సీ సిటీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, న్యూఆర్క్ వైపు వెళ్ళినప్పుడల్లా పులాస్కీ స్కైవే అని ఒక నల్లటి పాత ఇనప బ్రిడ్జి ఎక్కుతాం, 1932లో తెరిచారట, లారీలని దాని మీదకి రానివ్వరు. ఎవరయ్యా ఈ పులాస్కీ అని అడిగితే కార్లో ఉన్న నలుగురు కుర్రాళ్ళలో ఒక్కడూ చెప్పలేకపోయాడు, రోజూ దాని మీదే ఆఫీసుకి పోతారు మళ్ళీ. అందుకే తెలుగులో ఆయన గురించి వచ్చిందనగానే సంబరంగా చదివాను.

చదివాక మాత్రం మనసు చివుక్కుమంది. పోలండ్‌లో లాంత్స్‌కొరోనా కొండ మీద రష్యన్ల గుర్రపు దళాన్ని తరిమికొట్టిన వీరుడు అని రాశారు. ఆ యుద్ధం పోలండ్ వాళ్ళు ఓడిపోయింది సార్. పులాస్కీ అసలు అక్కడ లేడు కూడా.

1768లో బార్ అనే ఊళ్ళో (ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది) పోలిష్ జమీందార్లు కూడబలుక్కుని రష్యా మీద తిరగబడ్డారు, రష్యా రాయబారి రెప్నిన్ వాళ్ళ పార్లమెంటులో ఎదురు మాట్లాడిన పెద్దల్ని అరెస్టు చేయించి తనకి కావలసిన చట్టాలు పాస్ చేయించుకుంటుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు. పులాస్కీ వాళ్ళ నాన్న ఈ తిరుగుబాటు మొదలెట్టిన వాళ్ళలో ఒకడు. అయితే క్యాథలిక్కులు కాని వాళ్ళకి సమాన హక్కులు ఇవ్వకూడదన్నది కూడా వీళ్ళ పోరాటంలో ఒక భాగం, ఆ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు, మనకి నచ్చినవి మాత్రమే ఏరుకుంటే ఎలా.

ఇక లాంత్స్‌కొరోనా. క్రాకోవ్‌కి నైరుతిగా ముప్ఫై కిలోమీటర్ల దూరంలో చిన్న ఊరు, పైన కొండ మీద కోట. 1771 మొదట్లో రష్యా సేనాని సువోరొవ్ ఆ కోట మీదకి వచ్చి దెబ్బతిని వెనక్కి పోయాడు. మే నెలలో మళ్ళీ వచ్చాడు. ఈసారి పోలిష్ సేనని నడిపించింది ఫ్రాన్స్ పంపిన ద్యుమూరియే అనే ఆఫీసరు, ఈయనకి పోలిష్ దొరల విందులూ జూదాలూ చూస్తే ఒళ్ళు మంట, వాళ్ళకి ఈయన మాట వినాలంటే నామోషీ. కలిసి పోరాడదాం రమ్మంటే పులాస్కీ కుదరదని తన గుర్రపు దళంతో తూర్పున జామోష్చ్ అనే ఊరి వైపు పోయాడు.

ద్యుమూరియే మిట్ట మీద మంచి చోటే పట్టాడు, ఒక పక్క కోట, ముందు నిటారు వాలు. రష్యన్లని పైదాకా రానిచ్చి అప్పుడు నరకొచ్చులే అనుకున్నాడు. కొసక్కులు (రష్యన్ల గుర్రపు సైనికులు) చెదురుమదురుగా వాలు ఎక్కారు, పైకొచ్చాక వరస కట్టుకుని ఒక్కసారిగా మీద పడ్డారు, పోలిష్ వాళ్ళు గుర్రాలు తిప్పి పారిపోయారు. అరగంట పట్టిందేమో మొత్తం. సపీహా అనే పోలిష్ దొర అక్కడే చచ్చిపోయాడు. ఆ తర్వాత సువోరొవ్ తూర్పుకి తిరిగి జామోష్చ్ దగ్గర పులాస్కీని కూడా తరిమేశాడు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని కొట్టడం ఆయనకి ఎంత తేలికయిందో చూడండి. మరుసటి ఏడాదే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండ్‌లో తలో ముక్క కోసుకున్నాయి.

పులాస్కీని తక్కువ చేయాలని కాదు నా ఉద్దేశం. పోలండ్‌లోని చెన్‌స్తొహోవా క్రైస్తవ మఠాన్ని రష్యన్లకి దక్కకుండా కాపాడిన మాట నిజం. పోలండ్ రాజుని ఎత్తుకుపోవడానికి జరిగిన ప్రయత్నం ఈయన మెడకి చుట్టుకుని 1773లో ఉరిశిక్ష పడింది, మనిషి అప్పటికే దేశం దాటేశాడు, అప్పులపాలై ఫ్రాన్స్‌లో తిరుగుతుంటే అక్కడ అమెరికా తరఫున ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ సిఫార్సు ఉత్తరం ఇచ్చి అమెరికా పంపాడు, 1779లో అక్కడ సవానా అనే ఊరి దగ్గర బ్రిటిషు వాళ్ళతో యుద్ధంలో గుర్రం మీద ఉండగా ఫిరంగి గుళ్ళు తగిలి 34 ఏళ్ళకే పోయాడు. ఇన్ని ఉండగా లేని గెలుపు ఒకటి అంటగట్టడం దేనికి?

ఇంకోటి, బొమ్మ. వీపుకి రెక్కలు కట్టుకున్న గుర్రపు సైనికుడిని వేశారు. అవి 1683లో వియన్నా దగ్గర పోలండ్ వాళ్ళు తుర్కుల మీద గెలిచిన కాలం నాటి రెక్కలండీ, పులాస్కీ నాటికి ఆ దళం ఊరేగింపులకీ పెద్దోళ్ళ శవయాత్రలకీ మాత్రమే మిగిలింది.

మీ వ్యాసం ఇక్కడ మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది, స్కైవే ఫోటో తగిలించి మరీ పంపుకుంటున్నారు. కాబట్టి సవరణ వేస్తే ఏడో పేజీ అడుగున రెండు లైన్లు కాకుండా అదే ఆదివారం అనుబంధంలో, అదే సైజులో వేయండి.

ఇట్లు,
తెనాలి పాఠకుడు, ప్రస్తుతం జెర్సీ సిటీ