ఒకటో తరగతి తెలుగు పాఠం ఎలా తయారవుతోంది: జులై నెల లేఖ

ఒకటి, రెండు తరగతుల పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి నెల దాటింది. ఈ నెలలో గేటు దగ్గర మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్షరాలు ఎందాకా వచ్చాయండీ?" నోటుబుక్కు నిండా బొమ్మలే ఉన్నాయని, పక్కింటి పిల్లవాడు అప్పుడే క గుణింతం అప్పజెబుతున్నాడని కొందరు బెంగపడ్డారు. ఆ బెంగకు పైపైన జవాబు చెప్పి పంపడం సరికాదు. అందుకే ఈసారి ఆటల పోటీల సంగతి, ఫీజుల సంగతి పక్కన పెట్టి, తెలుగు పాఠాన్ని ఏ లెక్కన వేస్తున్నామో చెబుతాను.

ఒకటో తరగతిలో ఇప్పటికి రాయడం మొదలుపెట్టిన అక్షరాలు ఏడు: అ, ల, వ, డ, త, క, ప. వినడానికి తక్కువే. కానీ గుణింతం, ఒత్తు, సున్న ఏదీ లేకుండా ఈ ఏడింటితోనే అల, వల, వడ, తల, కల, అలక, కడవ, తడక, పలక, పడక, పడవ, కలత అనే 12 మాటలు వస్తాయి. వర్ణమాలను అ ఆ ఇ ఈ అని వరసగా మొదలుపెడితే మొదటి నెలంతా అచ్చుల దగ్గరే గడిచిపోతుంది. ఆ, ఈ, ఏ లాంటివి తప్ప ఒట్టి అచ్చులతో మాట పుట్టదు. అంటే నెలంతా కష్టపడి రాసిన పిల్లవాడికి చదువుకోవడానికి ఒక్క మాట కూడా చేతికి రాదు. నేర్చుకున్న అక్షరంతో ఆ వారంలోనే ఒక మాట చదవగలగాలన్నది మా ప్రణాళికలో మొదటి నియమం. 56 అక్షరాలూ నేర్పుతాం, వరసే వేరు. ఙ, ఞ లాంటివి ఆఖరున వస్తాయి. అవి ఉన్న మాట ఆరేళ్ల పిల్లల నోట ఎటూ రాదు.

ఏ అక్షరం ముందు, ఏది వెనుక అన్నది ఇంకో విషయం మీద కూడా ఆధారపడుతుంది. జూన్ 14తో సముద్రంలో వేట నిషేధం ముగుస్తుంది. బడి తెరిచే రోజులకే పడవలు కూడా బయల్దేరతాయి, మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సందడి మళ్లీ మొదలవుతుంది. అందుకని మొదటి అంశంగా "చేపల బజారు" తీసుకున్నాం. పడవ అన్న మాట పిల్లలందరికీ తెలుసు. అయినా దాన్ని వెంటనే రాయించలేదు. ప, వ రెండింటికీ తేడా అంతా పైభాగంలోనే ఉంది. రెండూ ఒకే వారంలో చెబితే పిల్లలు వాటిని నెలల తరబడి తారుమారు చేస్తారు. అందుకే ముందు వ చెప్పి, అది స్థిరపడ్డాక రెండు వారాలకు ప తెచ్చాం. అప్పటిదాకా పడవ మాటల్లో, బొమ్మల్లో, పాటల్లో మాత్రమే ఉంది. డ ఇప్పుడే చెప్పాం కాబట్టి ద చాలా దూరం జరిగింది. వచ్చే నెల అంశం "కొండ": సింహాచలం అనాస, పనస, సంపెంగ. పనసలో న, స పక్కపక్కనే ఉన్నాయి. అక్కడా ఇదే జాగ్రత్త: ముందు న, తర్వాతెప్పుడో స.

మొదటి రెండు వారాలు అసలు అక్షరమే లేదు. ఆ రోజుల్లో ఏం జరిగిందో నోటుబుక్కులో కనబడదు కాబట్టి వివరంగా చెబుతాను. రోజుకు 40 నిమిషాల పీరియడ్లు రెండు. మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు చేపల బజారు బొమ్మ ముందు కూర్చుని మాటలు. వంజరం, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు, పీతలు: వీటిలో ఏవి తూకానికి అమ్ముతారు, ఏవి పోగు పెట్టి అమ్ముతారు, ఎందుకు? ఈ "ఎందుకు" దగ్గరే పిల్లలు పొడుగు వాక్యాలు మాట్లాడతారు. "ఇదేమిటి?" అని అడిగితే ఒక్క మాటతో ఊరుకుంటారు. అందుకే టీచర్ల ప్రణాళిక పుస్తకంలో ఆరోజు అడగాల్సిన ప్రశ్నలు ముందుగానే రాసి ఉంటాయి. వాటిలో కనీసం రెండు ఎందుకు, ఎలా అన్నవి ఉండాలి.

తర్వాత పది నిమిషాలు చప్పట్ల ఆట. ప-డ-వ మూడు చప్పట్లు, అ-మ్మ రెండు, గు-ర్రం రెండు. ఆ తర్వాత గొలుసు: వల అంటే పక్కవాళ్లు ల తో లత, ఆ పక్కవాళ్లు త తో తల. మాటను చెవితో విడగొట్టడం రాని పిల్లలకు అక్షరం చూపించినా అది బొమ్మలాగే ఉండిపోతుంది, శబ్దంతో ముడిపడదు. మొదటి పీరియడ్‌లో మిగిలిన 20 నిమిషాలు ఇప్పుడు అక్షరానికి వాడుతున్నాం: ముందు ఇసుక పళ్లెంలో వేలితో, తర్వాత పలక మీద బలపంతో పెద్దగా, ఆ తర్వాతే కాగితం.

రెండో పీరియడ్‌లో 15 నిమిషాలు టీచర్ కథ చదివి వినిపిస్తారు. 15 నిమిషాలు పిల్లలు బొమ్మ గీసి దాని గురించి ఒక మాట చెబుతారు, టీచర్ దాన్ని కింద రాస్తారు. చివరి పది నిమిషాలు నలుగురేసి కూర్చుని అక్షరాల చీటీలతో మాటలు కడతారు.

బొమ్మ కింద టీచర్ రాసే వాక్యం గురించి ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు. పిల్లవాడు "మా నాన్న బేగి ఎల్లిపోనాడు" అంటే టీచర్ అలాగే రాశారని, తప్పు దిద్దలేదని. దిద్దకపోవడం కావాలని చేస్తున్న పనే. తను అన్న మాటే కాగితం మీదికి ఎక్కిందని, దాన్ని మళ్లీ చదివితే అదే మాట వస్తుందని పిల్లవాడికి తెలియడమే ఆ పాఠం. మనం "వెళ్లిపోయాడు" అని మార్చి రాసి వేలు పెట్టి చదవమంటే, వాడి నోటి మాటకూ కాగితం మీది మాటకూ పొంతన ఉండదు, చదవడమంటే బట్టీ పట్టడమే అనుకుంటాడు. వారం తర్వాత అదే బొమ్మ కింద రెండో వరుసగా "మా నాన్న త్వరగా వెళ్లిపోయాడు" అని చేరుస్తాం. రెండూ చదివిస్తాం. పుస్తకంలో రెండోది కనబడుతుందని చెబుతాం. ఇంట్లో "ఏటి" అన్నందుకు పిల్లల్ని దయచేసి ఆపకండి, నవ్వకండి. నోరు మూసుకున్న పిల్లలకు ఏ భాషా నేర్పలేం. జనం వాడుకలో ఉన్న తెలుగుకే బడిలో చోటుండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్రవారే. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు అందాలని పుస్తకాలు తయారుచేశారు. మన బడిలో ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు, ఏజెన్సీ నుంచి వచ్చి కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలు ఉన్నారు. వాళ్లు కూడా బొమ్మ గురించి ముందు తమ భాషలో చెప్పవచ్చు. అంశానికి పది మాటలు ఇంటి భాషలో ఎలా అంటారో ఆ తల్లిదండ్రులు మాకు చెప్పి పంపితే తరగతి గోడ మీద తెలుగు మాట పక్కనే పెడతాం.

గుణింతాల విషయం. క గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లవాడికి కే ఒక్కటే రాసి చూపించండి. లోలోపల క, కా, కి, కీ అనుకుంటూ కే దాకా వచ్చి ఆగుతాడు. వాడికి వచ్చింది పాట. అక్షరం ఇంకా రాలేదు. మేము అడ్డంగా కాకుండా నిలువుగా వెళ్తాం. సెప్టెంబరులో దీర్ఘం ఒక్కటే, వచ్చిన అక్షరాలన్నింటికీ: తాత, మామ, పాప, కాకా. అది కుదిరాక గుడి, తర్వాత కొమ్ము. కొమ్ము దగ్గర పు, వు అడ్డుపడతాయి; చాలా అక్షరాలకు పక్కన తగిలే కొమ్ము వీటికి కిందినుంచి వస్తుంది. ఒత్వంలో మొ, యొ దారి తప్పిస్తాయి. వీటికి ప్రణాళికలో విడిగా రోజులు కేటాయించాం.

రెండో తరగతివారికి ఇప్పుడు ఒత్తులు నడుస్తున్నాయి. కప్ప, బుగ్గ, లడ్డు ముందు చెప్పాం. వాటిలో ఒత్తు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటుంది, పిల్లలు ఊహించి చదవగలరు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే లేదు. చిక్కేమిటంటే అత్త, అన్న, అమ్మ, అయ్య, గుర్రం, పిల్లి అన్నీ వీటితోనే వస్తాయి. ఈ ఆరూ కొత్త అక్షరాలతో సమానం అనుకుని వారానికి ఒకటి చొప్పున తీసుకుంటున్నాం. మీ అమ్మాయి "అమ్మ" చదివి "కొమ్మ" దగ్గర ఆగిందంటే, అమ్మను మొత్తంగా గుర్తుపట్టిందే తప్ప మ ఒత్తు ఇంకా పట్టుబడలేదని అర్థం.

హోంవర్క్‌గా అక్షరం పేజీ నిండా రాయమనడం మానేశాం. క పేజీ నిండా రాయమంటే పిల్లలు ముందు వరుసంతా కింది భాగం చుట్టేసి, ఆఖరున అన్నింటికీ కలిపి తలకట్లు పెట్టేస్తారు. పేజీ నిండుతుంది గానీ, క మొదటినుంచి చివరిదాకా చెయ్యి ఒక్కసారీ తిరగదు. పలక మీద శబ్దం పలుకుతూ అయిదుసార్లు రాస్తే చాలు.

లెక్కల్లో కూడా ఇంటి భాషే మనకు బలం. ఇరవై మూడు అనగానే పదులు ముందు, ఒకట్లు వెనుక. పది చీపురుపుల్లల కట్టలు రెండు, విడిగా మూడు పెట్టి చూపిస్తే మాట, వస్తువు ఒకే వరుసలో కలుస్తాయి. కష్టం 11 నుంచి 19 దాకానే, ముఖ్యంగా పన్నెండు, పందొమ్మిది. మాట వింటే లోపలి పది వెంటనే తెలియదు. అందుకని అక్కడ రెండు వారాలు ఆగుతాం. ఇంకో పొరపాటు మీకూ కనబడుతుంది: ఇరవై మూడు రాయమంటే 203 రాస్తారు. విన్నది విన్నట్టు 20, పక్కన 3 పెట్టారన్నమాట. తిట్టే పని లేదు. 20 అని రాసిన అట్టముక్క మీద, సున్న కప్పేలా 3 ఉన్న చిన్న ముక్క పెట్టి చూపించండి.

ఇంగ్లిష్ వెనకబడుతుందేమోనని అడిగినవారికి: రోజుకు ఒక పీరియడ్ ఇంగ్లిష్ ఉంది, ఈ ఏడాది ఎక్కువగా వినడం, మాట్లాడటం. గుర్తుకు శబ్దం ఉంటుందని, శబ్దాలు కలిపితే అర్థం వస్తుందని పిల్లవాడు తెలిసిన భాషలో ఒకసారి పట్టుకుంటే, రెండో భాషలో మళ్లీ అక్కడినుంచి మొదలుపెట్టక్కర్లేదు. తెలియని మాటలతో చదవడం మొదలుపెడితే సరిగ్గా చదివాడో లేదో వాడికే తెలియదు. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది; 2020 జాతీయ విద్యా విధానం వీలున్న చోట కనీసం అయిదో తరగతి దాకా అంటోంది.

ప్రతి శనివారం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి నాలుగు మాటలు చదివిస్తున్నాం. అందరూ కలిసి గొంతెత్తి చదివితే ముగ్గురు నలుగురు ముందుంటారు, మిగతావాళ్ల పెదవులు మాత్రమే కదులుతాయి. ఇంట్లో మీరూ చూడవచ్చు: బొమ్మ మీద చెయ్యి పెట్టి, మాటలను చివరినుంచి మొదటికి వేలు పెట్టి చూపించండి. అప్పుడు చదివితే వచ్చినట్టు.

ఇంటి పని రోజుకు పావుగంట. ఫోను పక్కన పెట్టి మాట్లాడండి, వారానికి ఒక పొడుపుకథ వేయండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" లాంటివి శబ్దాల ఆటకు చక్కగా పనికొస్తాయి. జవాబు కనురెప్పలని పిల్లలే చెప్పేదాకా ఆగండి.

ఆగస్టులో ప్రతి శనివారం రెండో పీరియడ్‌లో తల్లిదండ్రులు తరగతిలో కూర్చుని చూడవచ్చు, ఒక్కసారికి ఆరుగురు. పేర్లు టీచర్‌కు ముందుగా చెప్పండి. కథ చెప్పగల అమ్మమ్మ, తాతయ్య ఉంటే వాళ్లనే పంపండి. సోమవారం నాటికి ప్రతి పిల్లవాడి సంచిలో ఇవి ఉండాలి: జానెడు పొడుగున విరిచిన చీపురుపుల్లలు 30, వాటిని కట్టడానికి మూడు రబ్బరు బ్యాండ్లు, పలక తుడవడానికి పాత గుడ్డముక్క.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
విశాఖపట్నం