జేబు కెమెరా కొనే ముందు జేబు కొలవండి

సంపాదకులకు,

నమస్కారం. వీధి ఫోటోలు తీసేవారి కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన జేబు కెమెరాల వ్యాసం చదివాను. ఏ కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎన్ని రెట్ల జూమ్, వీడియో ఎంత బాగా వస్తుంది అన్నవన్నీ పట్టిక వేసి చెప్పారు. మందం మాత్రం ఒక్కదానికీ చెప్పలేదు. శీర్షికలో జేబు ఉంది, వ్యాసంలో లేదు. నేను బట్టలు కుట్టి బతికే మనిషిని. తీరిక దొరికితే కెమెరా తీసుకుని వీధిలో పడతాను. జేబుల గురించీ, ఆ జేబులోంచి తీసే కెమెరా గురించీ నాకు కొంత తెలుసు కాబట్టి ఈ ఉత్తరం.

వస్తువు జేబు లోతు కంటే పొట్టిగా ఉంటే పట్టినట్టే అనుకుంటారు చాలామంది. కుట్టేవాళ్లు ముందు చూసేది జేబు మూతిని. వస్తువును వదిలేస్తే లోపలికి అదే జారుతుంది. బయటికి తీసేటప్పుడు దానితో పాటు పిడికిలి కూడా ఆ మూతిలోంచి రావాలి. అక్కడ పొడవు కంటే మందమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మందం పెరిగే కొద్దీ గుడ్డ రెండు వైపులా లాగుకుని మూతి బిగుసుకుపోతుంది. ఇక బరువు సంగతి. చొక్కా జేబులో పావు కిలో వేస్తే ముందు భాగమంతా వేలాడుతుంది, వంగినప్పుడు వస్తువు నేలపాలవుతుంది. అందుకే కెమెరాకు ప్యాంటు పక్క జేబో, కోటు కింది జేబో తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు టేపు పట్టి చూద్దాం. రికో జిఆర్ 3 మందం 33.2 మిల్లీమీటర్లు, బ్యాటరీ, కార్డులతో కలిపి బరువు 257 గ్రాములు. ప్యాంటు జేబు కాస్త వదులుగా ఉంటే హాయిగా ఒదుగుతుంది. సోనీ ఆర్ఎక్స్100 ఏడో తరం పొడవులో జిఆర్ కంటే పొట్టిదే, కానీ మందం 42.8 మిల్లీమీటర్లు, బరువు 302 గ్రాములు. పడుతుంది గానీ కూర్చుంటే తొడకు గుచ్చుకుంటుంది. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100-6 మందం 55.3 మిల్లీమీటర్లు, బరువు 521 గ్రాములు. మీ వ్యాసం దీన్ని కూడా జేబు కెమెరాల్లో కలిపేసింది. అది చలికోటు జేబుకు పనికొచ్చే కెమెరా. ఎండాకాలంలో దాని చోటు మెడలోనో, సంచిలోనో. మంచి కెమెరా కాదని కాదు. దాని ఆప్టికల్ వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే అద్దపు కిటికీలో) ఫ్రేము గీతకు బయట ఏం జరుగుతోందో, ఎవరు నడిచి వస్తున్నారో కనిపిస్తుంది. వీధిలో అదొక వరం. జేబు మాట ఎత్తకుండా పొగడండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. మా బట్టల్లో చాలావాటికి జేబే ఉండదు, ఉన్నా నాలుగు వేళ్లు దూరేంత. కెమెరా కోసం నేను పక్క కుట్టులో జేబు పెట్టుకుంటాను, అడిగినవాళ్లకు పెట్టిస్తాను. మూతి ఏడు అంగుళాలైనా ఉండాలి, లోపల గట్టి గుడ్డ వేసి, బరువు నడుముపట్టీ మీద పడేలా పైన అతకాలి. సంచిలో పెట్టుకోవచ్చు కదా అంటారు. జిప్పు తీసి, పర్సు పక్కకు నెట్టి, కెమెరా బయటికి తీసేసరికి ఎదుటి మనిషి మలుపు తిరిగిపోతాడు.

అసలు జేబు మీద ఇంత పట్టుదల అందుకే. జిఆర్ 3 ఆన్ మీట నొక్కాక 0.8 సెకనులో సిద్ధమవుతుందని తయారీదారు చెబుతారు. జూమ్ గొట్టం బయటికి రావలసిన కెమెరాలు చాలావరకు ఇంతకంటే నిదానం. మీ పట్టికలో ఈ వరుస కూడా లేదు.

సిద్ధమైన తరువాత ఫోకస్ ఉంది. ఇక్కడే చాలా కెమెరాలు చేతికి దొరికిన క్షణాన్ని జారవిడుస్తాయి. ఆటో ఫోకస్ ఎంత వేగమైనదైనా, ముఖం మీద పడాలా వెనక గోడ మీద పడాలా అని ఒక్కోసారి తటపటాయిస్తుంది. జిఆర్ వరుసలో స్నాప్ ఫోకస్ అని ఒక ఏర్పాటు ఉంది. మీటరు, మీటరున్నర, రెండు మీటర్లు అంటూ దూరాన్ని ముందే పెట్టుకుంటే, మీట ఒక్కసారిగా చివరిదాకా నొక్కినప్పుడు కెమెరా వెతుకులాట మాని నేరుగా ఆ దూరానికే తీస్తుంది. దీని వెనక ఉన్నది పాత లెక్కే. జిఆర్ 3 లెన్స్ నిజమైన ఫోకల్ దూరం 18.3 మిల్లీమీటర్లు. లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి (దాన్నే ఎఫ్/8 అంటారు, ఎఫ్ సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) ఫోకస్‌ను రెండు మీటర్ల దగ్గర నిలిపితే, దాదాపు ఒక మీటరు నుంచి వీధి చివరిదాకా అన్నీ చూడదగినంత స్పష్టంగా వస్తాయి. అదే కోణం, అదే ఎఫ్ సంఖ్య ఉంచి సెన్సర్ (బొమ్మను పట్టే పలక) చిన్నదైతే, స్పష్టంగా వచ్చే ఈ లోతు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఏ కెమెరా కొన్నా అడగవలసిన ప్రశ్న ఇది: ఫోకస్ దూరాన్ని నేను నిర్ణయించి ఉంచగలనా? ఆపి మళ్లీ వేస్తే అది అక్కడే ఉంటుందా, లేక ప్రతిసారీ మొదటి నుంచి పెట్టుకోవాలా? నాకైతే జూమ్ కంటే దీని విలువే ఎక్కువ. కంటి కొలతతో రెండు మీటర్లు చెప్పగలగడం నా వృత్తి నాకిచ్చిన లాభం. రెండు మీటర్ల గుడ్డ ఎంతో తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరు.

ఎఫ్/8 పెడితే వెలుగు తగ్గుతుంది. నడిచే మనిషి చెదరకుండా రావాలంటే షట్టరు వేగం కనీసం 1/250 సెకను ఉండాలి, నాకు 1/500 అయితేనే నిశ్చింత. ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, ఆటోలో వదిలి, షట్టరు వేగం ఇంతకంటే తగ్గకూడదని కట్టడి చేసే వీలు కెమెరాలో ఉండాలి. మీ వ్యాసం స్టెబిలైజేషన్‌ను ఆకాశానికెత్తింది. అది నా చేతి వణుకును ఆపుతుంది, ఎదురుగా పరుగెత్తే పిల్లవాణ్ణి ఆపలేదు. సందు చీకట్లో ఖాళీ గోడలు తీసేవాళ్లకు అది బాగా ఉపయోగం.

ఐఎస్ఓ పెరిగినా బొమ్మ నిలబడాలంటే సెన్సర్ కాస్త పెద్దది కావాలి. చవక జేబు కెమెరాల్లో ఎక్కువగా ఉండే సెన్సర్ సుమారు 6.2, 4.6 మిల్లీమీటర్ల కొలత. ఒక అంగుళం సెన్సర్ అంటూ అమ్మేది 13.2, 8.8 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకు కొలిచినా 16 దాటదు, అంగుళమేమో 25.4. ఇలాంటి కొలతలతో నేను రవికె కుట్టి ఇస్తే ఊరుకుంటారా? సరే, అది వాళ్ల పాత లెక్క. జిఆర్ వంటివాటిలో ఉండే ఎపిఎస్-సి అనే సెన్సర్ వైశాల్యంలో ఆ ఒక అంగుళం సెన్సర్‌కు మూడింతలు. పగటి వెలుగులో ఈ తేడా పెద్దగా కనిపించదు. పొద్దు వాలాక ముఖాల మీద కనిపిస్తుంది. 20 మెగాపిక్సెళ్లా, 24 మెగాపిక్సెళ్లా అన్న దాని గురించి రెండో మాట అనవసరం.

జూమ్ లేకపోతే ఎలా అన్నది మీ వ్యాసకర్త బెంగ. వీధి ఫోటోలకు పేరుపడ్డ అమెరికా ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ ఎక్కువగా 28 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీశారు, ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ కార్తియే-బ్రెసోన్‌కు 50 మిల్లీమీటర్లు ప్రాణం. జపాన్‌కు చెందిన దైదో మోరియామా ఫిల్మ్ రోజుల నుంచీ జిఆర్ వరుస చిన్న కెమెరాలు వాడినవారు. ఒకే లెన్స్‌తో కొంతకాలం తిరిగితే, కెమెరా కంటికి ఎత్తకముందే ఫ్రేములో ఏం పడుతుందో తెలిసిపోతుంది. జిఆర్‌కు వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర సరిగా కనిపించదు. అయినా పని జరగడానికి కారణం ఆ అలవాటే. కొనేవాళ్లు తేల్చుకోవలసింది 28 కావాలా 40 కావాలా అన్నది. జిఆర్ 3 కోణం ఫిల్మ్ కెమెరాల లెక్కలో 28కి సమానం. 28 అంటే మనుషులకు బాగా దగ్గరగా వెళ్లాలి. ఆ చొరవ లేనివాళ్లకు 2021లో వచ్చిన జిఆర్ 3ఎక్స్ ఉంది, దాని కోణం 40కి సమానం. దూరం నుంచి ముఖాలు లాగి తీయాలనుకునేవారికి సోనీ జూమ్ సరిపోతుంది. అలా తీసిన బొమ్మల్లో వీధి ఉండదు, ముఖం మాత్రమే ఉంటుంది. ఇది నా అభిప్రాయం, ఎవరూ కోప్పడవద్దు.

మీరు అసలు తాకని సంగతి ఒకటుంది, అది నూగు. ప్రతి జేబు అడుగునా నూలు నూగు పేరుకుంటుంది, ఇది నా కంటే ఎవరికి బాగా తెలుసు? లోపలికి ముడుచుకునే లెన్స్ తెరుచుకున్నప్పుడు గాలితో పాటు ఆ నూగునూ పీలుస్తుంది. అది సెన్సర్ మీద వాలితే ఆకాశంలో బూడిద రంగు మచ్చలు వస్తాయి. లెన్స్ ఊడదు కాబట్టి మనం తుడవలేం. జిఆర్ 3లో దుమ్ము దులిపే ఏర్పాటు చేర్చారు, దానికి ముందున్న జిఆర్‌లలో లేదు. వాడిన కెమెరాలు కొనేవారికి ఇది చాలా ముఖ్యం. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో, లెన్స్ మార్చలేని డిజిటల్ కెమెరాలు 2010లో 10 కోట్లకు పైగా అమ్మకానికి బయటికి వెళ్లాయి. 2023లో 20 లక్షలు కూడా లేవు. కొత్తవాటిలో ఎంపిక తగ్గింది కాబట్టి 2013 నాటి మొదటి ఎపిఎస్-సి జిఆర్, అదే ఏడాది వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ ఎ, 2018 నాటి ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ఎఫ్10 వంటివి చేతులు మారి వస్తుంటాయి. కొనేముందు తెల్లగోడను ఎఫ్/16లో తీసి పెద్దది చేసి చూడండి. కొన్నాక వారానికోసారి జేబు బయటికి తిప్పి దులపండి. రెండో బ్యాటరీ తప్పదు, జిఆర్ 3 బ్యాటరీ ప్రామాణిక పరీక్షలో సుమారు 200 ఫోటోలకే అయిపోతుంది. దాన్ని నాణేలు, తాళాలు లేని జేబులో ఉంచండి.

చిన్న కెమెరా అయితే ఎవరికీ తెలియకుండా తీయొచ్చని రాశారు. ఆ వాక్యం నాకు నచ్చలేదు. కార్తియే-బ్రెసోన్ తన కెమెరా మెరుపు కనపడకుండా నల్ల టేపు అంటించుకున్న మాట నిజమే. అది జనం బిగుసుకుపోకుండా ఉండటానికి. నేను కెమెరాను చేతిలో కనిపించేలా పట్టుకునే నడుస్తాను. వద్దన్నవాళ్ల ముందు దించుతాను. చిన్నది కావడం వల్ల ఎదుటివారు బెదరరు, నాకు కావలసింది అంతే.

ఫోను చాలదా అంటే, చాలామందికి చాలు. మామూలుగా షట్టరును అదే నిర్ణయిస్తుంది, నాలుగైదు ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది. కదిలే కాళ్ల దగ్గర ఆ అతుకులు నాకు కనిపిస్తాయి. మీకు కనిపించకపోతే కెమెరా కొనకండి.

తదుపరి సమీక్షలో పట్టికకు ఇంకో నాలుగు వరుసలు చేర్చమని మనవి: లెన్స్ ఉబ్బుతో కలిపి మందం, బ్యాటరీతో కలిపి బరువు, ఆన్ మీట నొక్కినప్పటి నుంచి మొదటి ఫోటోకు పట్టే సమయం, ఫోకస్ దూరాన్ని ముందుగా పెట్టుకునే వీలు. చోటు చాలకపోతే వీడియో వరుస తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక దర్జీ