పేపర్ కప్పు అంటే పేపరే అనుకున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం. మాది తిరుపతి. కొండ మీద ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లు బ్యాన్ చేశారు, బాగుంది, కానీ మన ఇంట్లోనే కనపడకుండా దాక్కున్న ప్లాస్టిక్ సంగతేందండీ?

మొన్న మా ఇంట్లో ఫంక్షన్‌కి తెచ్చిన పేపర్ కప్పు ఒకటి రాత్రంతా నీళ్ల బకెట్లో ఉండిపోయింది, పొద్దున తీసి చూస్తే పేపరంతా గుజ్జయి ఊడొచ్చేసింది, లోపల పాము కుబుసంలాగా పల్చటి కవర్ మాత్రం కప్పు షేప్‌లో అట్లే ఉంది. మా యమ్మ చూసి 'ఇన్నాళ్లూ దీంట్లోనా కాఫీ తాగింది' అనింది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు లెక్కేశారు, ఇట్లాంటి కప్పులో 100 మి.లీ. వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25 వేల ప్లాస్టిక్ కణాలు కలుస్తాయంట.

కప్పులే కాదు, పెళ్లిళ్లలో వేసే అరిటాకు బొమ్మ పేపర్ ఆకుల మీద మెరిసేది కూడా చాలావాటికి ప్లాస్టిక్ పూతే. కొన్ని రకాల టీ బ్యాగులు, పిల్లలకి తుడిచే వెట్ వైప్స్, చూయింగ్ గమ్, గిన్నెలు తోమే పచ్చ పీచు, వీటిల్లో కూడా చాలావాటిలో ప్లాస్టిక్ ఉంటుంది. మేమైతే కొబ్బరి పీచుకి మారిపోయాం, చేతులు కొంచెం గీసుకుంటాయి, పర్లేదు.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు బంద్ అన్నారు, వాటి ప్లేస్‌లో వచ్చిందేమో ఇది. కనీసం కప్పు మీద 'లోపల ప్లాస్టిక్ పొర ఉంది' అని తెలుగులో ప్రింట్ చేయించమని మీ పేపర్లో గట్టిగా రాయండి సార్.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి