అమ్మ నుదుటి గడ్డ తీసిన చేతులకు

అమ్మకు ఆపరేషన్ అయి పది రోజులైంది. నిన్న కుట్లు విప్పారు. బయాప్సీ రిపోర్టు కూడా వచ్చింది: ఆస్టియోమా, అంటే ఎముక మీద పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు. ఫోన్ చేసిన వారందరికీ విడివిడిగా జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఈ నాలుగు మాటలు.

ఎనిమిదేళ్ల కిందట అమ్మ నుదుటి మీద కుడివైపు చింతగింజంత ఉబ్బు కనిపించింది. నొప్పి లేదు కదా అని కుంకుడుకాయంత అయ్యేదాకా ఊరుకున్నాం. మా ఊళ్లో ఒక క్లినిక్‌లో కొవ్వు గడ్డ అనుకుని, పావుగంట పని అంటూ మత్తుసూది వేసి కోశారు. లోపల ఎముక తగిలేసరికి కంగారుపడి మళ్లీ కుట్టేశారు. స్కానింగ్ తీయకుండా కత్తి పట్టడం ఏమిటని ఇప్పటికీ నాకు మండుతుంది.

హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ గారు ముందు బొటనవేలితో నొక్కి చూశారు. "చర్మం జారుతోంది, గడ్డ కదలడం లేదు. ఇది ఎముకదే అమ్మా" అన్నారు. సీటీ స్కాన్‌లో అది తెల్లగా, అంచులు తీర్చినట్టు కనిపించింది. పుర్రె ఎముకకు రెండు గట్టి పొరలుంటాయట. గడ్డ బయటి పొర మీదే ఉంది, లోపలిది చెక్కుచెదరలేదు. ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి వేలితో చూపించిన రేడియాలజీ డాక్టరమ్మకు నా మొదటి నమస్కారం. ఆ రాత్రి ఇంట్లో అందరం నిద్రపోయాం.

దవడలో గడ్డలున్నాయా, మీ వాళ్లలో ఎవరికైనా పెద్దపేగులో పాలిప్స్ (లోపలి గోడకు పెరిగే చిన్న కండలు) ఉన్నాయా అని సర్జన్ గారు అడిగితే, తలకీ పేగుకీ ఏం సంబంధమని లోలోపల నవ్వుకున్నాను. గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బులో ఇలాంటి ఎముక గడ్డలూ పేగులో పాలిప్సూ కలిసి వస్తాయట. నవ్వినందుకు మన్నించండి డాక్టర్ గారూ. తీయకపోయినా ప్రాణానికి ముప్పు లేదని, తీయించుకోవడం అమ్మ ఇష్టమని చెప్పినందుకు ఇంకో దండం. అమ్మే తీయించుకుంటానంది.

నుదుటి మీద గీత పడకుండా జుట్టులో కోసి, డ్రిల్లుతో అరగదీసి, మిగిలినది ఉలితో చెక్కారు. వేడికి ఎముక మాడకుండా సెలైన్ పోస్తూనే ఉండాలట. జుట్టు గొరగకుండా, పాయలు తీసి సన్నని జడలు అల్లిన నర్సమ్మను అమ్మ రోజూ తలుచుకుంటోంది. మత్తు డాక్టర్ గారికీ, రెండు రాత్రులు వరండాలో నాతోపాటు దోమలు కుట్టించుకున్న పక్కింటి బాబాయికీ కృతజ్ఞతలు.

తీసిన ముక్కలను సీసాలో చూపిస్తే "కొబ్బరి ముక్కల్లా ఉన్నాయే" అంది అమ్మ. కోత వెనక ఇంకా మొద్దుబారి ఉంది, నెమ్మదిగా తగ్గుతుందన్నారు. దువ్వెన పెడితే ఇంకెవరి తలో దువ్వుతున్నట్టుందట.