నాగావళి రేవుల్లో నీటి పరీక్ష లెక్క కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

కార్తీక మాసం వస్తోందంటే శ్రీకాకుళంలో నాగావళి రేవులకు కళ వస్తుంది. మెట్లు కడుగుతారు, లైట్లు కడతారు. మంచిదే. ఏట్లో పడే మురుగు గెడ్డల జోలికి మాత్రం ఎవరూ పోరు.

ఎండాకాలంలో వంతెన మీద నిలబడితే సంగతి తెలుస్తుంది. ఏరు సన్నబడి ఇసుకలో ఓ పక్కకు ఒదిగిపోతుంది. గట్టు వైపు నుంచి నల్లటి పాయ, అంచున నురగతో, వచ్చి దాన్లో కలుస్తుంది. కాస్త దూరం పోయాక ఆ నలుపు కనిపించదు. నీళ్లు బాగుపడ్డాయనుకుంటాం. మలంలోని బ్యాక్టీరియాకు రంగేముంటుంది?

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. మన రాష్ట్రంలో ఆ జాబితాకెక్కిన అయిదు నదుల్లో నాగావళి ఒకటి. అది బీఓడీని, అంటే నీటిలోని మురుగు కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందన్న కొలతను, బట్టి వేసిన జాబితా. నీళ్లలో మునిగేవాళ్లకు కావాల్సిన లెక్క వేరు. 100 మిల్లీలీటర్లలో మల కోలిఫాం, అంటే మలం నుంచి నీళ్లలో కలిసే బ్యాక్టీరియా, 500 లోపు ఉండాలి, 2,500 అసలు దాటకూడదు. ఇది ప్రభుత్వం పెట్టిన ప్రమాణమే. రేవులో ఈ అంకె రాసి ఉండగా మీలో ఎవరైనా చూశారా? నాయకుల ఫ్లెక్సీలకైతే చోటుకు కొదవ లేదు.

మురికంతా పైన రాయగడ వైపు నుంచే వస్తోందనే మాట వినీ వినీ విసుగొచ్చింది. మన ఊరి గెడ్డలు ఒడిశావి కావు కదా! పైగా ఈ ఏటి ఇసుకలోని ఊటబావుల నీళ్లే తాగుతున్నాం. క్లోరిన్ కలుపుతారుగా అంటారు. మురుగు ఎక్కువైతే క్లోరిన్ చాలావరకు దానితోనే ఖర్చయిపోయి, క్రిముల దాకా మిగిలేది తక్కువ.

మురుగు శుద్ధి కేంద్రానికి స్థలం, నిధులు అంటూ ఏళ్లు పడుతుంది, ఒప్పుకుంటాం. సీసాలో నీళ్లు పట్టి పరీక్ష చేయించడానికి అంత తతంగం లేదు. గెడ్డ కలిసే చోటికి ఎగువన, దిగువన, స్నానాల రేవులో నెలనెలా నమూనాలు తీసి, ఫలితం తెలుగులో బోర్డు మీద రాయాలి. పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి పండగల ముందు వారం నుంచే మొదలుపెట్టాలి. అంకె 2,500 దాటితే పిల్లల్ని, ముసలివాళ్లను నీళ్లలోకి దించొద్దని మైకులో చెప్పాలి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం