ఆ నలభై ఏడు రోజులు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నేను చెప్పాల్సినదాంట్లో సగం మింగేశాను. పక్క గదిలో నాన్న పడుకుని ఉన్నారు, లేచారంటే ఏమైంది ఏమైంది అని తెల్లారేదాకా నిద్రపోరు, నీకు తెలుసు కదా. అందుకే పొద్దున్నే కాఫీ తాగి ఇది రాయడానికి కూర్చున్నాను. ఫోన్లో అయితే నువ్వొక మాట, నేనొక మాట అనుకుని అసలు సంగతి పక్కకు పోతుంది. ఇదైతే ఆఫీసుకెళ్తూ క్యాబ్‌లో రెండుసార్లు చదువుకోవచ్చు.

ముందుగా ఒకటి. కారు ఏసీ కంప్రెసర్ పోయింది, వారంటీ వర్తించదు అని షోరూమ్ వాళ్ళు అడుగుతున్న ఆ 38,400 రూపాయలు ఇవాళ కట్టొద్దు. అల్లుడుగారు "పోనీలే, కట్టేసి కారు తెచ్చుకుందాం" అన్నారని చెప్పావు. నువ్వు ఇంత బాధపడుతుంటే చూడలేక అన్నారు, అర్థమైంది నాకు. కానీ ఒక్క వారం పది రోజులు ఆగమను, నేను చెప్పానని చెప్పు.

నువ్వు పంపిన ఎస్టిమేట్ ఫోటో పెద్దది చేసుకుని చదివాను. కంప్రెసర్, గ్యాస్, లేబర్, జీఎస్టీ, అన్నీ వరసగా ఉన్నాయి, కింద బాల్‌పెన్నుతో "వారంటీ ఎన్ఏ" అని రెండు ముక్కలు. ఎందుకు వర్తించదో లేదు. ఎవరు వద్దన్నారో లేదు. సంతకం లేదు, తేదీ లేదు. సర్వీస్ నలభై ఏడు రోజులు లేటు కాబట్టి వారంటీ పోయింది అని ఆ సర్వీస్ అడ్వైజర్ అబ్బాయి నోటితో చెప్పాడు, నువ్వు నమ్మి వచ్చేశావు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు చూసిన మనిషిని, చెప్తున్నాను విను, నోటితో కాదన్నది రేపు "మేము అలా అనలేదే" అయిపోతుంది.

ఇది నాకు ఊరికే తెలిసింది కాదు. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాన్న కొత్త స్కూటర్ ఇంజిన్ నాలుగు నెలలకే పట్టేస్తే షోరూమ్ వాళ్ళు ఆయిల్ తక్కువ పోశారని వెనక్కి పంపేశారు. నాన్న నెల రోజులు తిరిగి తిరిగి చివరికి కోపంలో బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చేశారు. తర్వాత నాంపల్లిలో వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తే, అవతలి లాయరు లేచి "మా వాళ్ళు రిపేర్ చెయ్యం అని ఎప్పుడూ అనలేదు, వీళ్ళే బండి తీసుకెళ్ళిపోయారు" అన్నాడు. మా దగ్గర కాగితం ముక్క లేదు. పద్నాలుగు నెలలు పట్టింది, తొమ్మిది సీఎల్‌లు అయిపోయాయి, చివరికి గెలిచాం గానీ ఆ ఒక్క కాగితం ఉంటే అంత తిప్పలు ఉండేది కాదు. నాన్న ఇప్పటికీ ఆ బండి మాటెత్తితే మొహం తిప్పుకుంటారు.

కాబట్టి నువ్వు ఇవాళ చెయ్యాల్సిన పని ఒకటే, ఒక మెయిల్ పెట్టు. సర్వీస్ అడ్వైజర్‌కి ఒక్కడికే కాదు, వర్క్స్ మేనేజర్‌కి, అలాగే కారు తయారుచేసిన కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా. వారంటీ ఇచ్చింది షోరూమ్ కాదమ్మా, కంపెనీ. షోరూమ్ వాళ్ళ పని నీ క్లెయిమ్ కంపెనీకి పంపడం. అసలు పంపారా? "సిస్టమ్‌లో రిజెక్ట్ అయింది" అన్నాడన్నావు, సిస్టమ్‌లో పెట్టకుండానే కౌంటర్ దగ్గరే లేదనేసి ఉండొచ్చు కూడా. క్లెయిమ్ పెట్టారా, పెడితే ఏ తేదీన, ఆ నంబరు ఎంత, వారంటీ నిబంధనల్లో ఏ క్లాజు కింద కాదన్నారు, ఆ క్లాజు ప్రకారం కంప్రెసర్ పాడవడానికి కారణం ఏమని తేల్చారు, ఇవి అడుగు. జవాబుకి ఏడు రోజులు టైమివ్వు. కారు అప్పజెప్పినప్పుడు వాళ్ళు రాసిచ్చిన జాబ్ కార్డ్ కాపీ జత చెయ్యి, కారు అప్పజెప్పినప్పటి కిలోమీటర్ల రీడింగ్, 22,640 అన్నావు కదా, అది కూడా రాయి. ఇంగ్లీషులోనే రాయి, ఆఫీసులో రాసినట్టే చల్లగా రాయి. మోసం, దోపిడీ లాంటి మాటలొద్దు, అలాంటి ఉత్తరాలు నేను ఎన్నో చూశాను, తిట్లు చదివి విషయం వదిలేస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. వారంటీ బుక్‌లెట్ నీ డ్యాష్‌బోర్డ్ అరలోనే ఉంది, కారు షెడ్డులో ఉన్నా వెళ్ళి అది తెచ్చుకో, అది నీది. 2023 దసరాకి కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర వాహన పూజ చేయించినప్పుడు నాన్న పసుపు చేత్తోనే బుక్‌లెట్ తీసి చూశారు, అట్ట మీద ఆయన బొటనవేలి పసుపు ముద్ర ఇంకా ఉండాలి. అందులో "ఏవేవి వారంటీలోకి రావు" అనే భాగం ఉంటుంది. అప్పుడే కొన్న వారంలో నేను చదివాను, మీరంతా నవ్వారు. నాకు గుర్తున్నంతలో సరైన మెయింటెనెన్స్ లేకపోవడం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు అని ఉంది. సర్వీస్ ఒక్క రోజు లేటైతే మొత్తం వారంటీ రద్దు అని లేదు. ఆ "వల్ల" చూశావా, ఆ రెండక్షరాల మీదే నీ కేసంతా నిలబడి ఉంది. సర్వీస్ లేటవడం వల్ల కంప్రెసర్ పాడైందా? అది వాళ్ళు చూపించాలి. పక్కన ఇంకేమైనా షరతు ఉందేమో నువ్వు కూడా అక్షరం అక్షరం చదువు, నా జ్ఞాపకం మీద ఆధారపడకు.

నిన్న నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టక, పొద్దున పాలకెళ్ళినప్పుడు మన గల్లీ చివర కారు ఏసీలు బాగుచేసే అన్నని అడిగాను. ఇంకా షట్టర్ సగమే తీశాడు పాపం. ఆయన ఒక పాత కంప్రెసర్ చేతిలోకి తీసుకుని చూపించాడు, కొబ్బరికాయ కన్నా కాస్త పెద్దది, ముందు బెల్ట్ తిరిగే చక్రం, వెనక గ్యాస్ పైపులు బిగించే రెండు రంధ్రాలు. ఆ రంధ్రంలో వేలు పెట్టి తీస్తే పల్చటి నూనె అంటింది. "అమ్మా, దీని ఆయిల్ వేరు, ఇంజిన్ ఆయిల్ వేరు. ఇది గ్యాస్‌తో పాటు లోపల్లోపలే తిరుగుతుంది. సర్వీస్‌లో మార్చే ఇంజిన్ ఆయిల్ దీంట్లోకి రమ్మన్నా రాదు" అన్నాడు. మామూలు సర్వీస్‌లో కంప్రెసర్ విప్పే పనే ఉండదట. మరి ఇంజిన్ ఆయిల్ నలభై ఏడు రోజులు ఆలస్యంగా మార్చినందుకు ఏసీ ఎలా పోయిందో వాళ్ళు కాగితం మీద ఎలా రాస్తారో నేను చూడాలి.

ఇంకొకటి కూడా ఉంది, ఇది నిన్న నీకు తట్టలేదు. డిసెంబరులో ఆ లేటు సర్వీస్ చేసింది ఎవరు? వీళ్ళే. 7,860 తీసుకుని, బుక్‌లెట్‌లో ముద్ర వేసి, కారు కడిగి ఇచ్చారు. ఆ రోజు "మేడమ్, మీ వారంటీ పోయింది" అని ఒక్క మాట అన్నారా? లేదు కదా. ఆ బిల్లు వెతికి మెయిల్‌కి జత చెయ్యి. అప్పటికి 17,300 కిలోమీటర్లే తిరిగిందని ఆ బిల్లు మీదే ఉంటుంది, అంటే సర్వీస్ చేయించాల్సిన 20,000 కిలోమీటర్లు దాటనే లేదు, తేదీ ఒక్కటే దాటింది.

ఇప్పుడు నీకు కోపం వచ్చినా సరే ఒక మాట చెప్తాను. మెయిల్లో ఎక్కడా సారీ అని రాయొద్దు. నాన్న హాస్పిటల్లో ఉన్నారు, స్టెంట్ వేశారు, అందుకే రాలేకపోయాను, దయచేసి అర్థం చేసుకోండి, ఇలాంటిది ఒక్క వాక్యం కూడా వద్దు. నిన్న నువ్వు అన్న మాట, "నాన్నని చూసుకుంటూ కారు సంగతి మర్చిపోయాను, తప్పు నాదే అమ్మా" అన్నది, అది విని నా కడుపు తరుక్కుపోయింది. ఆ నలభై ఏడు రోజుల్లో నువ్వు పగలు ఆఫీసు, సాయంత్రం ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీ, రాత్రి చంటిదాన్ని నిద్రపుచ్చడం, ఇవన్నీ చేశావు. దాన్ని తప్పు అని ఎవరి దగ్గరా ఒప్పుకోవద్దు, నా దగ్గర కూడా. పైగా నువ్వు దయ అడిగితే వాళ్ళు దయే చూపిస్తారు, "గుడ్‌విల్ కింద ఇరవై శాతం మేము భరిస్తాం" అంటారు. నీకు రావాల్సింది దయ కాదు కదా.

గుడ్‌విల్ అని ఎంతో కొంత ఆఫర్ ఇస్తే అప్పటికప్పుడు ఒప్పుకోకు, వద్దనీ అనకు. మెయిల్లో పంపమను. పార్ట్ మొత్తం వాళ్ళు భరించి లేబర్ నిన్ను కట్టమంటే ఆలోచిద్దాం, ప్రతిదానికీ చివరిదాకా కొట్లాడమని నేను అనను. కానీ "ఇక ఏ క్లెయిమూ లేదు" అని సంతకం పెట్టించుకునే కాగితం ఏదైనా ముందుకు తోస్తే చదవకుండా పెట్టొద్దు.

ఏడు రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చెయ్యి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. వాళ్ళు ఆర్డర్ వెయ్యలేరు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. అయినా చాలాసార్లు షోరూమ్‌లో కదలని ఫైలు అక్కడ కదులుతుంది. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మా రోజుల్లో ఫోరం అనేవాళ్ళం, 2019 చట్టం వచ్చాక కమిషన్ అంటున్నారు. షోరూమ్ ఎక్కడున్నా నువ్వు ఉండే చోటో పనిచేసే చోటో వేసుకోవచ్చు, లాయరు ఉండి తీరాలనే రూలు లేదు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే వెయ్యొచ్చు. ఫీజు మనం కట్టిన ధరని బట్టి ఉంటుంది, నీ కారు తొమ్మిది లక్షలు కాబట్టి 200 రూపాయలు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి, కాబట్టి తొందరేం లేదు. షోరూమ్‌నీ కంపెనీనీ ఇద్దర్నీ పార్టీలుగా పెట్టాలి, లేకపోతే ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసేసుకుంటారు. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలలు అని రాసి ఉంది గానీ అంతకన్నా ఎక్కువే పడుతుంది, ముందే చెప్తున్నాను.

మరి ఈ ఎండల్లో అన్నాళ్ళు ఎలాగ అంటావు. నిజమే. మే నెలలో నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా ఏసీ లేకుండా, వెనక సీట్లో చంటిదాన్ని పెట్టుకుని వెళ్ళమని నేను అనను. ఏడు రోజులు దాటినా తేలకపోతే డబ్బు కట్టి బాగుచేయించుకో, కానీ కట్టే ముందు మెయిల్ పెట్టు, "వారంటీ తిరస్కరణ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, కారు అవసరం కాబట్టి కడుతున్నాను, ఈ డబ్బు తిరిగి అడిగే హక్కు వదులుకోవడం లేదు" అని. పక్కా జీఎస్టీ బిల్లు తీసుకో. విప్పిన పాత కంప్రెసర్ కూడా తీసుకో, నువ్వు డబ్బు కడితే పాత పార్ట్ నీదే, ఇవ్వమంటే గొణుగుతారు, అయినా వదలకు. అది ఇంటికి తెచ్చాక విప్పనివ్వొద్దు. మన గల్లీ అన్నకి కూడా చూపించొద్దు, ఎంత మంచివాడైనా సరే. రేపు కమిషన్ ల్యాబ్‌కి పంపాలంటే అది ముట్టుకోకుండా ఉండాలి. అట్టపెట్టెలో పెట్టి, ఫోటోలు తీసి, మా ఇంట్లో అటక మీద పెట్టేద్దాం.

కారు అక్కడ ఊరికే వదిలేసినట్టు మాత్రం ఉండకూడదు. అక్కడ ఊరికే పడి ఉంటే పార్కింగ్ ఛార్జీలు వేస్తారు కొంతమంది. మెయిల్లోనే రాయి, "మీ జవాబు కోసమే కారు మీ దగ్గర ఉంది" అని.

శనివారం నేను వస్తాను. మెట్రోలో అమీర్‌పేటలో మారి మియాపూర్ దాకా వచ్చేస్తాను, అక్కణ్ణుంచి అల్లుడుగారిని బండి మీద రమ్మను. షోరూమ్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం. నేను మాట్లాడను, నువ్వే మాట్లాడు, నేను పక్కన కూర్చుని ఎవరేం అన్నారో టైముతో సహా రాసుకుంటాను. మామిడికాయ పప్పు డబ్బాలో పెట్టి తెస్తున్నాను, వంట పెట్టుకోకు.

నాన్నకి ఇంకా చెప్పలేదు. నువ్వు కూడా చెప్పకు, తన వల్లే అనుకుంటారు.

ఆ బుక్‌లెట్ చేతికి రాగానే ఫోటోలు పంపు. వారంటీలోకి రానివాటి పేజీ ముందు పంపు, పగటి వెలుతుర్లో తియ్యి, చిన్న అక్షరాలు నాకు కనపడాలి.

అమ్మ