‘ఈ నెల వద్దు, వచ్చే నెల చూద్దాం’ ఇక కుదరదు

నమస్కారం. మేం అప్లికేషన్ సర్వర్లు చూసుకుంటున్న కస్టమర్లందరికీ ఈ కబురు.

విషయం సూటిగా చెప్పేస్తాను. సెక్యూరిటీ ప్యాచ్‌లను, అంటే సాఫ్ట్‌వేర్‌లోని భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లను, ఎన్నిసార్లయినా వాయిదా వేసుకునే వెసులుబాటును వచ్చే మెయింటెనెన్స్ విండో (సర్వర్ పనులకు కేటాయించిన రాత్రి సమయం) నుంచి తీసేస్తున్నాం. ఇప్పటిదాకా మేం మెయిల్ పెట్టేవాళ్లం. కొందరు ‘సరే, కానివ్వండి’ అనేవారు. ఎక్కువమంది ‘నెలాఖరు లెక్కలున్నాయి, తర్వాత చూద్దాం’ అనేవారు. నెలాఖరు అయ్యాక ఆడిట్ వచ్చేది, ఆడిట్ అయ్యాక కొత్త మాడ్యూల్. నేనెవరినీ తప్పుపట్టడం లేదు. నడుస్తున్న సర్వర్ జోలికి పోవద్దనే అందరికీ అనిపిస్తుంది. అర్ధరాత్రి కన్సోల్ ముందు కూర్చున్నప్పుడు నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇకమీదట ఇలా ఉంటుంది. ఏదైనా లోపాన్ని ఇప్పటికే దాడుల్లో వాడుతున్నారని రుజువైతే, దాని ప్యాచ్ వచ్చిన 48 గంటల్లో వేసేస్తాం. అప్పుడు మీకు సమాచారం వస్తుంది తప్ప అనుమతి అడగం. రుజువుకు కొలమానంగా అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2021 నవంబరు నుంచి నడుపుతున్న ఇలాంటి లోపాల జాబితాను తీసుకుంటున్నాం. అది ఎవరైనా చూడొచ్చు, కాబట్టి మేం కావాలని భయపెడుతున్నామన్న అనుమానం అక్కర్లేదు. ఒరాకిల్ జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో ఇచ్చే ప్యాచ్‌లు, మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ఇచ్చేవి, అలాంటివే మిగతావీ 30 రోజుల్లో పడతాయి. వీటికి మీరు ఒక్కసారి, 15 రోజుల వరకు గడువు అడగొచ్చు. రెండోసారి అడిగితే మాత్రం ఇవ్వం. కొత్త ఫీచర్ల కోసం వచ్చే అప్‌డేట్లు మీ ఇష్టం, వాటికి తొందరేమీ లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? ప్యాచ్ విడుదలైన రోజే లోపం ఎక్కడుందో లోకానికి తెలిసిపోతుంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ లైను మార్చారో దొరికిపోతుంది. మనకు దొరికేది దొంగలకూ దొరుకుతుంది. అందుకే ప్యాచ్ వేయని సర్వర్‌కు విడుదలకు ముందు రోజు కన్నా మర్నాడే ప్రమాదం ఎక్కువ. 2020 అక్టోబరు 20న ఒరాకిల్ తన అప్లికేషన్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వెబ్‌లాజిక్ అడ్మిన్ కన్సోల్‌లోని ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్‌ను చేతిలోకి తీసుకునే వీలిచ్చే లోపం అది. ఆ నెల గడవకముందే దాన్ని వెతుక్కుంటూ దాడులు మొదలయ్యాయి. ఆ ప్యాచ్‌కు కూడా పక్కదారి ఉందని తేలి, నవంబరు 1న ఇంకో ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫ్యాక్స్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. వాళ్లు వాడిన అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌కు 2017 మార్చిలోనే ప్యాచ్ వచ్చింది, దొంగలు లోపలికి వచ్చింది మే నెలలో. 14 కోట్ల మందికి పైగా వివరాలు పోయాయి. మన దగ్గర వాయిదాలు పడిన కాలం కూడా దాదాపు ఆ మార్చి-మే మధ్య వ్యవధి అంతే ఉంటోంది. ఆ లెక్క చూశాకే ఈ నిర్ణయం.

‘అయితే అన్నీ ఆటోమేటిక్‌గా వేసేయొచ్చు కదా’ అని ఇంకొందరు అడుగుతారు. 2024 జులై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర చూపించి కూర్చున్నాయి. వేయకపోతే నుయ్యి, చూడకుండా వేస్తే గొయ్యి. అందుకే ఏ ప్యాచ్ అయినా ముందు మీ టెస్ట్ సర్వర్‌లో పడుతుంది, ఆ తర్వాతే అసలుదానిలో. ఇక్కడో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మీలో చాలామంది టెస్ట్ సర్వర్లు పేరుకే ఉన్నాయి. ఎప్పుడో కాపీ చేసిన డేటా, అసలు సర్వర్‌లో ఉన్న ప్యాచ్‌లు దానిలో లేవు, కొన్నింటిలో జావా వెర్షన్ కూడా వేరు. అలాంటిదాంట్లో పరీక్ష పాసైనా దానికి విలువ లేదు. వాటిని అసలు సర్వర్‌తో సమానం చేసే పని ఈ విండోలోనే మొదలుపెడుతున్నాం.

విండో రాత్రి ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ‘ఒక్క ఫైలు మార్చడానికి మూడు గంటలా’ అన్న ప్రశ్న తరచూ వస్తుంది.

రెండు నోడ్లున్న క్లస్టర్, అంటే ఒకే పనిని పంచుకునే రెండు సర్వర్లు, అనుకోండి. వచ్చేవాళ్లను వాటికి పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో మొదటి నోడ్‌ను డ్రెయిన్‌లో పెడతాం. కొత్త లాగిన్లన్నీ రెండోదానికి వెళ్తాయి, మొదటిదానిలో ఉన్నవాళ్లు పని ముగించుకుని బయటికొస్తారు. సెషన్ల (లాగిన్ అయి ఉన్నవాళ్ల) అంకె దిగుతూ దిగుతూ వచ్చి ఒకటో రెండో దగ్గర ఆగిపోతుంది. ఎవరో డ్యాష్‌బోర్డ్ తెరిచి, స్క్రీన్ లాక్ చేసి ఇంటికెళ్లిపోయి ఉంటారు. ఆ పేజీ తనంతట తానే రిఫ్రెష్ అవుతూ సెషన్‌ను బతికిస్తూనే ఉంటుంది, టైమౌట్ ఎప్పటికీ రాదు. ఇకమీదట అరగంట చూసి అలాంటివాటిని తెంపేస్తాం. సేవ్ చేయని ఎంట్రీ ఉంటే పోతుంది, ముందే చెబుతున్నాను.

తర్వాత డౌన్‌లోడ్ చేసిన ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే అంకె) సరిపోయిందా, ఇప్పటికే ఉన్న ప్యాచ్‌లతో కొత్తది గొడవ పడుతుందా, డిస్క్‌లో చోటుందా అని చూస్తాం. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. వెబ్‌లాజిక్‌లో ప్యాచ్ వేసే ఓప్యాచ్ అనే పనిముట్టు, వెనక్కి తీయాల్సి వస్తే ఉండాలని మార్చిన ఫైళ్ల పాత కాపీలను దాచిపెడుతుంది. ఏళ్ల తరబడి అవి పేరుకుపోతాయి. ప్యాచ్ సగంలో ఉండగా డిస్క్ నిండితే, అటు పాతదీ కాదు ఇటు కొత్తదీ కాదు అన్న స్థితిలో సర్వర్ మిగులుతుంది. ఆ ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయకండి. దానికి ఓప్యాచ్‌లోనే క్లీనప్ కమాండ్ ఉంది, ఆ పని మేం చేస్తాం.

ప్యాచ్ వేయడానికి పట్టేది కాసేపే. ఆ ఇన్‌స్టలేషన్ నుంచి నడుస్తున్న సర్వర్లన్నీ ముందు ఆపాలి, తర్వాత మళ్లీ లేపాలి. ‘రీస్టార్ట్ లేకుండా కాదా’ అంటే కాదు. డిస్క్ మీద ఫైలు మారినా, నడుస్తున్న జావా ప్రాసెస్ తన మెమరీలోని పాత కోడ్‌నే వాడుతుంది. రిపోర్టులో కొత్త వెర్షన్ కనిపిస్తుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటి ‘కాగితం మీద ప్యాచ్‌లు’ బయట చాలానే చూశాను.

అసలు సమయమంతా పరీక్షకు పోతుంది. లాగిన్ పేజీ వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జావా అప్‌డేట్లు, సిస్టమ్‌ల మధ్య సమాచారాన్ని గుప్తంగా పంపే టీఎల్ఎస్ పాత వెర్షన్లు 1.0, 1.1లను డిఫాల్ట్‌గా మూసేశాయి. అలాంటి అప్‌డేట్ వేశాక అప్లికేషన్ చక్కగా లేస్తుంది, రిపోర్టులూ వస్తాయి. పాత టీఎల్ఎస్ తప్ప తెలియని అవతలి సిస్టమ్‌కు ఫైలు పంపే జాబ్ మాత్రం ‘హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్’ అని లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకుంటుంది. ఆ లైను ఎవరి కంటా పడదు, మధ్యాహ్నానికి అవతలివాళ్లు ఫోన్ చేస్తారు. మూసినదాన్ని మళ్లీ తెరవమని అడిగినవాళ్లున్నారు. తెరుస్తాం, కానీ మీ దగ్గర్నుంచి రాతపూర్వకంగా, ఎప్పుడు మూయాలో తేదీతో సహా వస్తేనే.

ఒకే సర్వర్ ఉన్నవాళ్లకు డౌన్‌టైమ్ తప్పదు. దాన్ని దాచే మాయ మా దగ్గర లేదు. రెండు నోడ్లున్నా, అప్‌డేట్ డేటాబేస్ టేబుళ్లను మారిస్తే రెండూ ఒకేసారి ఆపాల్సిందే. స్నాప్‌షాట్ (సర్వర్ అప్పటి స్థితికి తీసిన కాపీ) ఉంది కదా అన్న ధీమా కూడా అక్కడ పనికిరాదు. అప్లికేషన్ సర్వర్‌ను క్షణాల్లో వెనక్కి తీయొచ్చు కానీ, డేటాబేస్ వేరే మెషీన్లో అప్పటికే ముందుకెళ్లిపోయి ఉంటుంది. అలాంటి విండోలకు డేటాబేస్ బ్యాకప్ విడిగా తీసి, దాన్ని టెస్ట్‌లో రీస్టోర్ చేసి చూశాకే మొదలుపెడతాం. ఆ రాత్రి ఆలస్యమవుతుంది.

మా చేతిలో లేనిది ఒకటుంది. మీ వెండర్ ఇచ్చిన అప్లికేషన్ లోపల ఇమిడిపోయిన లైబ్రరీలను (ఇతరులు రాసిన రెడీమేడ్ కోడ్‌ను) సర్వర్ ప్యాచ్ బాగుచేయదు. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీ గొడవ ముదిరింది అందుకే. ఆ ఒక్క నెలలోనే దాని 2.15, 2.16, 2.17, 2.17.1 వెర్షన్లు వరసగా వచ్చాయి, ప్రతిదానికీ వెండర్ కొత్త బిల్డ్ ఇచ్చేదాకా ఎదురుచూడటమే. ఇకమీదట ప్రతి విండోలో ఆ లైబ్రరీ ఫైళ్లను స్కాన్ చేసి, దొరికినవాటి పట్టీ మీకు పంపిస్తాం. వెండర్‌ను అడగాల్సింది మీరే. మేం అడిగితే ‘మీరెవరు’ అంటున్నారు.

మీ నుంచి రెండు కావాలి. మర్నాడు ఉదయం కీలకమైన పనులు చేసి చూసే మనిషి ఒకరు, పేరు, ఫోన్ నంబరుతో. ఐటీ మనిషి కాకపోయినా ఫర్వాలేదు, రోజూ బిల్లులు కొట్టేవాళ్లయితే ఇంకా మంచిది. రెండోది, మీ సర్వర్ బయట ఏయే సిస్టమ్‌లతో మాట్లాడుతుందో జాబితా. జాబితా లేకపోతే ఫైర్‌వాల్ లాగ్‌ల నుంచి మేమే తయారుచేసి పంపుతాం, మీరు సరిచూస్తే చాలు. పేరు రాలేదని మాత్రం విండో ఆగదు. మా పరీక్షల వరకు చూసి సర్వర్‌ను తెరిచేస్తాం. ఉదయం ఏదైనా తేడా వస్తే మా హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేయండి. విండో మర్నాడు మధ్యాహ్నం వరకు, రాత్రి పని చేసినవాళ్లలో ఒకరు తప్పకుండా లైన్లో ఉంటారు.